రెండు పిండాలు పెడితే అవకాశం రెట్టింపవుతుందా?

ఐవీఎఫ్ చికిత్సలో అండాలు బయటకు తీసిన ఐదారు రోజులకు ఫెర్టిలిటీ సెంటర్ నుంచి దంపతులకు కబురు వస్తుంది. మంచి పిండాలు మూడు వచ్చాయనో, నాలుగు వచ్చాయనో చెబుతారు. ఆ వెంటనే ఒక ప్రశ్న: ఎన్ని పెట్టమంటారు? అప్పటికి ఆమె పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు చేయించుకుని ఉంటుంది. ఆయన ఎక్కడో అప్పు తెచ్చి ఉంటాడు. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ ఫోన్ చేసి ఏమైందని అడుగుతూ ఉంటారు. "రెండు పెట్టేయండి డాక్టరుగారూ" అన్న జవాబు ఆ ప్రశ్న కంటే ముందే సిద్ధమై ఉంటుంది.

ఈ జవాబు వెనక ఉన్న ఆలోచన కొత్తదేమీ కాదు. పత్తి పెట్టే రైతు గుంటకు రెండేసి గింజలు వేస్తాడు. ఒకటి మొలవకపోయినా ఇంకొకటి మొలుస్తుందని నమ్మకం. రెండూ మొలిస్తే బలహీనమైన మొక్కను పీకేస్తాడు. చేలో ఇది మంచి లెక్కే. గర్భాశయంలో మాత్రం ఈ లెక్క తప్పుతుంది. రెండూ నిలిచినప్పుడు అక్కడ జరిగేది వేరు. అంతకంటే ముఖ్యమైన విషయం, రైతుకు లేని ఒక సౌకర్యం ఐవీఎఫ్‌లో ఉంది. మొదటి గింజ మొలవలేదని తేలాక కూడా రెండో గింజను అదే అదనులో ఉన్నట్టు తీసి వాడుకోవచ్చు. పిండాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచిపెడితే దానికి అదను దాటిపోదు.

ఈ ఒక్క సౌకర్యం మొత్తం లెక్కను మార్చేస్తుంది. ఉదాహరణకు ఒక్కో పిండం నిలిచే అవకాశం 40 శాతం అనుకుందాం. రెండూ ఒకేసారి పెడితే, రెండూ విఫలమయ్యే అవకాశం 60 శాతంలో 60 శాతం, అంటే 36. కనీసం ఒకటైనా నిలిచే అవకాశం 64 శాతం. ఇప్పుడు ఒకటే పెట్టి, రెండోది దాచారనుకుందాం. మొదటి ప్రయత్నంలో 40 శాతం. అది విఫలమైన 60 మందికి రెండోది పెడితే వారిలో 40 శాతం, అంటే మరో 24. మొత్తం 64. రెండు దారుల్లోనూ చేరేది అదే అంకెకు. తేడా ఒక్కటే. మొదటి దారిలో గర్భం దాల్చిన 64 మందిలో 16 మందికి కవలలు ఉంటారు, అంటే నలుగురిలో ఒకరికి. రెండో దారిలో దాదాపు ఎవరికీ ఉండరు. ఒకే పిండం రెండుగా చీలి కవలలయ్యే సందర్భాలు నూటికి ఒకటి రెండు మించవు.

కాబట్టి రెండు పిండాలు పెట్టడం వల్ల ఆ పిండాలతో బిడ్డను పొందే అవకాశం పెరగదు. అది కొన్ని నెలలు ముందుకు జరుగుతుంది, అంతే. దానికి చెల్లించే మూల్యం కవలల గర్భం. "రెండు పెడితే 64, ఒకటి పెడితే 40" అని మాత్రమే విన్న దంపతులు రెండు కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు. వారికి చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. సగం మాత్రమే ఉంది.

కాగితం మీద లెక్క కాగితం మీదే ఉంటుందని ఎవరైనా అనవచ్చు. దీన్ని నిజంగా పరీక్షించినవారు స్వీడన్, నార్వే, డెన్మార్క్ దేశాల వైద్యులు. 36 ఏళ్లలోపు వయసుండి, కనీసం రెండు నాణ్యమైన పిండాలు ఉన్న 661 మంది మహిళలను రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు రెండు పిండాలు ఒకేసారి పెట్టారు. ఇంకో గుంపుకు ఒకటే పెట్టి, బిడ్డ పుట్టకపోతే దాచిన పిండాన్ని కరిగించి తర్వాత ఇంకొకటి పెట్టారు. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. రెండు ఒకేసారి పెట్టిన గుంపులో 42.9 శాతం మందికి, ఒక్కొక్కటిగా పెట్టిన గుంపులో 38.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. నాలుగు శాతం తేడా ఉంది, అది కూడా నేటి కంటే బలహీనమైన ఘనీభవన పద్ధతులున్న కాలంలో. ఇక కవలల కాన్పులు మొదటి గుంపులో 33.1 శాతం. రెండో గుంపులో 0.8 శాతం.

ఈ అంకెల్లో అంతగా ఎవరూ పట్టించుకోని ఒక విశేషం ఉంది. అదే అధ్యయనంలో తాజా పిండం ఒక్కటి పెట్టిన తొలి ప్రయత్నంలోనే బిడ్డ పుట్టినవారు 27.6 శాతం. పైన వేసినట్టే లెక్క వేస్తే, రెండు పెట్టినప్పుడు సుమారు 47.6 శాతం మందికి కాన్పు కావాలి. వారిలో కవలలు 16 శాతం ఉండాలి. కానీ వాస్తవంలో కాన్పులు లెక్కకంటే తగ్గాయి, కవలలు లెక్కకు రెట్టింపయ్యారు. ఎందుకు? నాణెం ఎగరేసినట్టు ప్రతి పిండం తన దారి తాను చూసుకుంటుందని లెక్క అనుకుంటుంది. అది నిజం కాదు. రెండు పిండాలూ ఒకే దంపతులవి, చేరేది ఒకే గర్భాశయంలోకి. అనుకూలమైన శరీరంలో రెండూ నిలుస్తాయి. అనుకూలించని చోట రెండూ పోతాయి. అంటే రెండో పిండం నిజంగా అవసరమైన వారికి అది తక్కువగా ఉపయోగపడుతుంది. అవసరం లేనివారికి కవలలను తెస్తుంది. రెండు గింజల సిద్ధాంతానికి ఇంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు.

అయితే కవలలు పుడితే ఏమైంది? ఒకే ఖర్చుతో ఇద్దరు పిల్లలు, సంసారం నిండిపోతుంది అని చాలామంది భావన. పదేళ్లు పిల్లల కోసం ఎదురుచూసిన ఇంట్లో స్కానింగ్‌లో రెండు గుండెలు కనిపిస్తే పండగే. ఆ ఆనందాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. కానీ ఆ స్కానింగ్ గది నుంచి కాన్పు గది వరకూ ఉన్న దారి గురించి ఎవరో ఒకరు చెప్పాలి.

కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. బరువు రెండున్నర కిలోల కంటే తక్కువ ఉంటుంది. ఊపిరితిత్తులు పూర్తిగా తయారు కావు, పాలు చప్పరించే శక్తి ఉండదు, ఒంట్లో వేడి నిలవదు. అందుకే నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో పెట్టాల్సి వస్తుంది. కొందరికి పది రోజులు, మరీ ముందు పుట్టినవారికి రెండు నెలలు. మెదడు ఎదుగుదలపై ప్రభావం చూపే సెరిబ్రల్ పాల్సీ ముప్పు ఒంటరి శిశువుల కంటే కవలల్లో కొన్ని రెట్లు ఎక్కువ. తల్లికి బీపీ పెరిగి ప్రాణం మీదికి తెచ్చే ప్రీఎక్లాంప్సియా, గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగరు, కాన్పు తర్వాత అధిక రక్తస్రావం, సిజేరియన్ అన్నీ పెరుగుతాయి. రక్తహీనతతోనే గర్భం మొదలుపెట్టే మహిళలు ఇంతమంది ఉన్న దేశంలో చివరి మూడింటినీ తేలిగ్గా తీసుకోలేం. ముగ్గురైతే పరిస్థితి మరింత కష్టం. అప్పుడు వైద్యులు ఒక పిండాన్ని తగ్గించుకోమని సలహా ఇస్తారు. బిడ్డ కోసం ఏళ్ల తరబడి తిరిగిన తల్లికి, ఉన్నవారిలో ఒకరిని వదులుకోమని చెప్పడం. రైతు రెండో మొక్కను పీకేసినంత సులువు కాదు అది. ఆ నిర్ణయం తీసుకున్నాక మిగిలిన గర్భం కూడా పోయే ముప్పు ఎంతో కొంత ఉంటుంది.

మరి ఇన్ని పిండాలు పెట్టే అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? తొలి ఐవీఎఫ్ శిశువు లూయీస్ బ్రౌన్ 1978 జులై 25న ఇంగ్లండ్‌లో పుట్టింది ఒకే అండం నుంచి. హార్మోన్ ఇంజెక్షన్లు లేకుండా, సహజంగా ఆ నెలలో విడుదలైన ఒక అండాన్నే తీసి ఫలదీకరించి పెట్టారు. తర్వాత మందులతో ఒకేసారి పది అండాలు తీయడం నేర్చుకున్నారు. కానీ మిగిలిన పిండాలను పాడుకాకుండా దాచడం అంత త్వరగా రాలేదు. పారేయడం కంటే పెట్టేయడం మేలనిపించింది. మూడు, నాలుగు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఈ ధోరణి ఎక్కడి దాకా వెళ్లగలదో 2009 జనవరిలో కాలిఫోర్నియా చూపించింది. అక్కడ ఒక మహిళకు ఎనిమిది మంది పుట్టారు. ఆమెకు 12 పిండాలు పెట్టిన వైద్యుడి లైసెన్సును ఆ రాష్ట్ర వైద్య మండలి 2011లో రద్దు చేసింది.

ఈ కథలో భారత్‌కు ఒక చేదు జ్ఞాపకం ఉంది. లూయీస్ బ్రౌన్ పుట్టిన 70 రోజులకు, 1978 అక్టోబరు 3న కోల్‌కతాలో దుర్గ పుట్టింది. ఆ పని చేసిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ పిండాన్ని 53 రోజులు ఘనీభవించి దాచి, తర్వాత తల్లి గర్భాశయంలో పెట్టారు. దాచిన పిండం నుంచి బిడ్డ పుట్టిందని ఆస్ట్రేలియా వైద్యులు ప్రకటించింది 1984లో. ముఖోపాధ్యాయ్‌ను అప్పటి ప్రభుత్వ కమిటీ నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. దేశంలో అధికారికంగా తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువును 1986లో ముంబయిలో అందించిన బృందంలోని శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమారే, ముఖోపాధ్యాయ్ కాగితాలన్నీ చదివి 1997లో ఆ ఘనత ఆయనదేనని ప్రకటించారు. నేడు ఒక్క పిండం పెట్టి మిగిలినవి దాచుకునే విధానం మొత్తం ఆనాడు ఆయన చేసి చూపిన ఆలోచన మీదే నిలబడి ఉంది. ఇప్పుడైతే విట్రిఫికేషన్ అనే పద్ధతి వచ్చింది. పిండంలోని నీరు మంచు ముక్కలుగా మారి కణాలను చీల్చకముందే, గాజులా గట్టిపడేంత వేగంగా చల్లబరుస్తారు. అనుభవం ఉన్న ల్యాబుల్లో ఇలా దాచిన పిండాలు నూటికి తొంభైకి పైగా క్షేమంగా తిరిగి వస్తాయి. ఒకేసారి ఎక్కువ పెట్టడానికి ఉన్న అసలు కారణం అక్కడితో పోయింది. అలవాటు మిగిలింది.

ఒకే పిండం అన్నది అందరికీ ఒకేలా వర్తించే సూత్రమేమీ కాదు. వయసు పెరిగేకొద్దీ అండాల్లో క్రోమోజోముల లోపాలు పెరుగుతాయి. నలభై దాటినవారి పిండాల్లో సగానికి పైగా అలాంటివే. ఒక్కో పిండం నిలిచే అవకాశం 15 శాతమే అనుకుంటే, రెండు పెడితే 28 శాతం దగ్గరకు వస్తుంది. గర్భం దాల్చినవారిలో కవలలు ఎనిమిది శాతమే. పైగా ఆమెకు సమయం లేదు. సొంత అండాలతో చికిత్స తీసుకుంటున్న 41 ఏళ్ల మహిళకు, అంత నాణ్యం లేని పిండాలు రెండే ఉంటే, రెండూ పెట్టడం అర్థం చేసుకోదగిన నిర్ణయం. ఐరోపా పునరుత్పత్తి వైద్యుల సంఘం ఈష్రే 2024లో ఈ ఒక్క ప్రశ్న మీదే మార్గదర్శకాలు వెలువరించింది. ఒకే పిండానికి మొదటి స్థానం ఇచ్చింది. రెండుకు మించి వద్దని చెప్పింది.

కానీ ఇక్కడే ఒక పొరపాటు తరచూ దొర్లుతుంది. మహిళ వయసు ఎక్కువ కాబట్టి రెండు పెడదాం అంటారు, పెట్టేది దాత అండంతో చేసిన పిండమైనా సరే. పిండం నిలుస్తుందా లేదా అన్నది ప్రధానంగా అండం వయసు మీద ఆధారపడుతుంది. పాతికేళ్ల దాత అండంతో చేసిన పిండం పాతికేళ్ల పిండంలాగే నిలుస్తుంది. మోసే శరీరం మాత్రం నలభై ఎనిమిదేళ్లది. ఆ గుండె, ఆ రక్తనాళాలు, ఆ కిడ్నీలు ఇద్దరి బరువు మోయాలి. అంటే కవలల అవకాశం గరిష్ఠంగా, తట్టుకునే శక్తి కనిష్ఠంగా ఉన్న చోటే రెండు పిండాలు పెడుతున్నారు. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన ఒక మహిళ ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లలకు జన్మనిచ్చినప్పుడు వార్తలన్నీ దాన్ని వైద్య రికార్డుగానే చెప్పుకున్నాయి. కవలలు అన్న మాటను విజయానికి అదనపు అలంకారంగా రాశారు. ఆ వయసులో గర్భమే పెద్ద ముప్పు, కవలలు దానికి రెండింతలు అని రాసినవారు తక్కువ. 2021 ఏఆర్‌టీ చట్టం ఇప్పుడు ఈ చికిత్సకు మహిళకు 50, పురుషుడికి 55 ఏళ్ల పరిమితి పెట్టింది.

ఇంతకీ దంపతులు రెండు కోరుకోవడానికి, వైద్యులు ఒప్పుకోవడానికి అసలు కారణం శాస్త్రం తెలియకపోవడం కాదు. డబ్బు. మన దగ్గర ఐవీఎఫ్ ఖర్చు దాదాపు పూర్తిగా దంపతుల జేబులోంచే పోతుంది. ఎక్కువ బీమా పాలసీలు దాన్ని కలుపుకోవు. ఒక విడతకు లక్షన్నరో రెండు లక్షలో కట్టాక, దాచిన పిండాన్ని పెట్టడానికి మళ్లీ వేరే బిల్లు. దాచినందుకు ఏటా అద్దె. ఇలాంటప్పుడు "మళ్లీ రావడం" అనే మాటే భయపెడుతుంది. జిల్లా నుంచి హైదరాబాదుకో విజయవాడకో వచ్చేవారికి ప్రయాణం, లాడ్జి, పోయిన కూలి కూడా కలుస్తాయి. వారు రెండు పెట్టమనడం అజ్ఞానం కాదు, చేతిలో ఉన్న డబ్బుకు వేసుకున్న లెక్క. ఆ లెక్కలో ఎన్‌ఐసీయూ బిల్లు లేదు, అంతే. ఎందుకంటే దాన్ని వేసేది వేరే ఆసుపత్రి, ఎనిమిది నెలల తర్వాత.

ఆసుపత్రి వైపు లెక్క కూడా అలాంటిదే. హోర్డింగుల మీద రాసే సక్సెస్ రేటు సాధారణంగా ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కు ఎంతమందికి గర్భం వచ్చిందన్నది. ఈ కొలతలో రెండు పిండాలు పెట్టినవారు ఎప్పుడూ ముందుంటారు. నెలలు నిండని కవలలు పుట్టినా, ఒకరు దక్కకపోయినా ఆ అంకెకు మచ్చ రాదు. ఒకసారి తీసిన అండాలతో, అన్ని పిండాలూ వాడాక, నెలలు నిండి ఆరోగ్యంగా ఒక బిడ్డ పుట్టిన వారెందరు అని కొలిస్తే వరుస మొత్తం మారిపోవచ్చు. ఏది కొలుస్తామో అదే పెరుగుతుంది. ఫిజిక్స్ ల్యాబులో అయినా ఫెర్టిలిటీ సెంటర్‌లో అయినా.

బెల్జియం ఈ ముడిని 2003లో విప్పింది. మహిళకు ఆరు విడతల ఐవీఎఫ్ ల్యాబ్ ఖర్చు ప్రభుత్వ బీమా భరిస్తుంది, కానీ ఎన్ని పిండాలు పెట్టాలో ప్రభుత్వం చెబుతుంది. 36 ఏళ్లలోపు వారికి మొదటి విడతలో ఒకటే. డబ్బు ఎక్కడిది? నెలలు నిండని కవలల కోసం ఇంటెన్సివ్ కేర్‌లో పెడుతున్న ఖర్చు తగ్గితే మిగిలేదే అని లెక్కగట్టారు. స్వీడన్ అదే ఏడాది ఒకే పిండాన్ని నియమంగా చేసింది. బ్రిటన్ బలవంతం చేయకుండా సెంటర్లకు గరిష్ఠ పరిమితి లక్ష్యంగా ఇచ్చి, ప్రతి సెంటర్ అంకెలూ ప్రజల ముందు పెట్టింది. 1990లలో అక్కడ ఐవీఎఫ్ కాన్పుల్లో 28 శాతం దాకా ఉన్న బహుళ కాన్పులు 2019 నాటికి ఆరు శాతానికి దిగాయి. ఆ కాలంలో బ్రిటన్ దంపతులకు పిల్లలు పుట్టడం తగ్గలేదు.

భారత వైద్య పరిశోధన మండలి 2005 మార్గదర్శకాలు ఒక విడతలో మూడుకు మించి పెట్టవద్దని, ప్రత్యేక పరిస్థితులు మినహాయింపని చెప్పాయి. ఆ కాలానికి అది ముందడుగే. 2022 సరోగసీ నియమాల్లో మాత్రం సరోగేట్ తల్లి గర్భంలో ఒకే పిండం పెట్టాలని, ప్రత్యేక పరిస్థితుల్లో మాత్రమే మూడు దాకా అని రాశారు. వేరొకరి బిడ్డను మోసే మహిళ ఆరోగ్యం గురించి ఇంత జాగ్రత్త పడినవారు, తన బిడ్డను తానే మోసే మహిళ దగ్గర అదే జాగ్రత్తను మామూలు అలవాటుగా మార్చాలి. ఏఆర్‌టీ చట్టం జాతీయ రిజిస్ట్రీని ఏర్పాటు చేసింది. ఆ రిజిస్ట్రీలో ప్రతి సెంటర్ పేరు పక్కన కవలల కాన్పులు ఎన్ని శాతమో అందరూ చూసేలా ఒక గడి ఉండాలి. హోర్డింగ్ ఏం చెప్పినా దంపతులు ఆ గడి చూసుకుంటారు. ధర విషయంలోనూ మార్పు కష్టం కాదు. ప్యాకేజీ అంటే ఒక అండ సేకరణ, దాని నుంచి వచ్చిన పిండాలన్నీ ఒక్కొక్కటిగా పెట్టడం, మొదటి ఏడాది దాచే ఖర్చు కలిపి అని నిర్వచిస్తే, రెండో పిండాన్ని ఇప్పుడే పెట్టించుకోవాలన్న ఒత్తిడి చాలా వరకు పోతుంది. ఎన్ని పెట్టాలన్న చర్చ కూడా ఐదో రోజు ఫోన్లో కాకుండా, మొదటి ఇంజెక్షన్‌కు ముందు, భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఉండగా జరగాలి.

ప్రైవేటు సెంటర్లు తమంతట తాము ఇలా మారతాయని ఆశించడం కష్టమే. ప్రభుత్వ సెంటర్లకు ఆ సాకు లేదు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభమైంది. అక్కడ చికిత్స పొందిన మహిళకు నెలలు నిండని కవలలు పుడితే, వారిని చూసుకోవాల్సింది కూడా గాంధీలోని నవజాత శిశువుల వార్డో, నిలోఫర్ ఆసుపత్రో. రెండు బిల్లులూ ఒకే ఖజానాకు వస్తాయి. బెల్జియం వేసిన లెక్క వేయడానికి కావలసిన కాగితాలన్నీ ఒకే ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఆ కేంద్రం 36 ఏళ్లలోపు వారందరికీ మొదట ఒకే పిండం, మిగిలినవి దాచి ఉచితంగా తర్వాత, అని మొదలుపెట్టి, రెండేళ్ల తర్వాత తన అంకెలు బయటపెట్టవచ్చు. ఒక సెంటర్ నిజంగా ఏం సాధించిందో తెలుగు రాష్ట్రాల దంపతులు అప్పుడు చూడగలుగుతారు.